మా అత్తయ్య నవల రాసిన గది

మా అత్తయ్య మొన్న బుధవారం ఉదయం పోయారు. తిరువూరులో మేముండే మేడకి మెట్లు మరీ ఇరుకు. పాడె తిరగదని ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి, నలుగురు పట్టుకుని కిందికి దించారు. తుంటి విరిగి, ఆపరేషనై ఇంటికొచ్చి మంచాన పడ్డాక ఆవిడ ఆ మెట్లు దిగడం అదే మొదలు. "టీచరుగారిని ఎన్నాళ్లకి చూశామమ్మా" అని కింద వాటా ఆవిడ ఏడ్చింది.

అత్తయ్య ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. స్నానాలగదిలో జారిపడ్డాక ఆపరేషన్ చేసినా కాలు నిలవలేదు. మా ఆయన పొద్దున్నే ఎరువుల కొట్టుకి వెళ్తే మళ్లీ రావడం చీకటి పడ్డాకే. నేను బీఈడీ చేసి, రెడ్డిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరబోతూ ఆగిపోయాను. పరాయివాళ్ల చెయ్యి ఒంటిమీద పడితే అత్తయ్య ఒప్పుకునేవారు కాదు. స్నానమైనా, బట్టలు మార్చడమైనా నేనే. ఆవిడ మంచానికి అంటుకుపోయారు, నేను ఆవిడకి అంటుకుపోయాను. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. బస్టాండు వైపు నుంచి హారన్లు మాత్రం వినిపించేవి. మందుల గురించి తప్ప మా మధ్య మాటలుండేవి కావు.

అలాంటి ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి నేను విసనకర్రతో విసురుతుంటే, ఆవిడ పైకప్పు కేసి చూస్తూ అన్నారు.

"అమ్మాయ్, ఒక హత్య చేద్దామా?"

ఉలిక్కిపడ్డాను. నవలట! ఆవిడ చెప్పాలి, నేను ఫోన్లో టైపు చెయ్యాలి.

జమీందారీల కాలం కథ. దివాణంలో ముసలి దివానుగారు పాలు తాగి ప్రాణం విడుస్తారు. నేరం వంటమనిషి మీద పడుతుంది. అది నమ్మని మనిషి ఆ ఇంట్లో ఒక్కతే, భర్త పోయిన చిన్న కోడలు. ఆమెకి గడప దాటే హక్కు లేదు. బట్టలుతికే ఆమె, పూలమ్మే ఆమె లోపలికి మోసుకొచ్చే కబుర్లే ఆధారాలు. "చరిత్రలో ఆడవాళ్లు లేరనుకోకమ్మా. తలుపు వెనకాల ఉన్నారు, అంతే" అనేవారు అత్తయ్య.

తప్పు రాస్తే ఊరుకునేవారు కాదు. "టైము చూసుకుంది" అని నేను కొడితే, "దానికి గడియారమెక్కడిది? గోడమీద నీడ చూసుకోమను" అనేవారు. నన్ను వంటింట్లో నిలబెట్టి, గదిలోంచి గుసగుసగా ఏదో అని, "వినపడిందా?" అని అరిచేవారు. నాకు వినపడకపోతే కథలో కోడలికీ వినపడేది కాదు.

హంతకుడెవరో తేలేసరికి మాత్రం కథ ఆగిపోయింది. పాలలో విషం కలిపింది కోడలి సొంత బావగారు, ఇంటి యజమాని. ఆ మాట బయటపెడితే ఆమెకి ఇంట్లో చోటుండదు. నోరు మూసుకుంటే వంటమనిషికి ఉరి. అత్తయ్య ఎటూ తేల్చుకోలేక వారాలు గడిపేశారు.

"గడప దాటితే దానికెవరున్నారు?" అన్నారొకరోజు.

"లోపలుంటే మాత్రం ఎవరున్నారండీ?" అన్నాను. నేనన్నది కథ గురించే. కానీ అంటూ నేను చూసింది కిటికీలోంచి ఎదురింటి గోడకేసి. ఆవిడా ఆ గోడకేసి చూసి, తర్వాత నా మొహంలోకి చూశారు.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతుండగానే, "నన్ను చూసుకోడానికి మనిషిని పెట్టరా. అమ్మాయి స్కూల్లో చేరుతుంది" అన్నారు.

"పరాయి మనిషి స్నానం చేయిస్తే ఊరుకుంటావా అమ్మా?"

"ఊరుకుంటాను."

దగ్గర్లోని వినగడప అనే ఊరి నుంచి ఒకామె పనికి వచ్చింది. నేను బడికి వెళ్లిన మొదటిరోజు తిరిగొచ్చేసరికి అత్తయ్య కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఏమైందని అడిగితే, "నీళ్లు వేడెక్కువయ్యాయి, అంతే. మీ క్లాసులో ఆడపిల్లలెందరు?" అన్నారు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. నేను బస్సెక్కి బయటపడ్డాను. ఆవిడ అక్కడే ఉండిపోయారు. నేను బతికున్నంతకాలం ఆవిడకి దణ్ణం పెట్టుకునేది ఇందుకే.

సెలవురోజుల్లో నవల సాగింది. చివరికి కోడలు తెర దాటి మగవాళ్లు కూర్చునే సావడిలోకి వెళ్లి నిజం చెప్పేస్తుంది. వంటమనిషి బతికిపోతుంది. కోడల్ని మాత్రం మేడగదిలో పెట్టి తాళం వేస్తారు.

నేను దెబ్బలాడాను. "అదేంటండీ! ఆమెని కూడా బయటికి పంపించెయ్యండి!"

"ఆ రోజుల్లో తాళాలు అంత తేలిగ్గా వచ్చేవి కావమ్మా. జరగనిది ఎలా రాయను? చెప్పాల్సింది చెప్పింది కదా."

నవల ఆ తాళంతోనే అయిపోయింది. విజయవాడలో ప్రెస్సుకిచ్చాం. అచ్చు చూడకుండానే ఆవిడ వెళ్లిపోయారు.

సావడి ఘట్టం చెప్పిన రోజు ఇంకా నా కళ్లలోనే ఉంది. "తెర పక్కకి లాగింది" అంటూ అత్తయ్య పడుకునే చెయ్యెత్తారు. నైటీ చెయ్యి భుజం దాకా జారింది. పుల్లలా సన్నబడిన ఆ చెయ్యి గాలిలో ఒక పక్కకి జరిగి, లేని తెరని గట్టిగా పట్టుకుని ఆగింది. అవతల మగవాళ్లంతా మాటలాపి తనకేసి చూస్తున్నట్టు, ఆవిడ గడ్డం దిండు మీంచి కొంచెం పైకి లేచింది.