క్లచ్ లేని బాపు బండి

ఎయిర్‌పోర్ట్ వచ్చి భూములు బంగారమైన కొత్తలో శంషాబాద్ చుట్టుపక్కల కొత్త కారు లేని ఇల్లుందంటే ఆ ఇంట్లో ఏదో దోషం ఉన్నట్టే లెక్క. మా ఇంటి దోషం బాపు. నలుగురి కళ్లూ కుట్టే కారు కొనమంటే, పోయి తన ఈడు విలాయతి కారొకటి తెచ్చాడు. పైగా దానికి క్లచ్ పెడలే లేదు.

లేదు కాబట్టే తెచ్చాడు. ట్రాక్టర్ బోల్తా పడ్డనాటి నుంచి ఆయన ఎడమ మోకాలు వంగదు. బ్రేకు, రేసు కుడికాలు చూసుకుంటుంది, మరి క్లచ్ ఎవరు తొక్కాలి? ఏ బండైనా తానే నడిపిన మనిషి, చిన్నాయన కారు వెనక సీట్లో బియ్యం బస్తాలా కూర్చుని పోయేవాడు. చిన్నాయన అంటే బాపు తమ్ముడు. తన కారు కొన్న మర్నాటి నుంచి ఆయన ఇంజినీరు కూడా అయ్యాడు. "ఇది నడ్వకుంటే పెండ్లిండ్లకు కిరాయికిచ్చేటోనికి అమ్మేద్దాం. నువ్వు నా బండ్లనే కూసో అన్నా" అని ముందే తీర్పు చెప్పేశాడు.

బాపు ఆ కారు గురించి మొదలుపెడితే చుట్టాలు చెప్పులు వెతుక్కునేవారు. నేను దొరికిపోయేదాన్ని. గేర్ రాడ్ గుండు కింద చిన్న స్విచ్ ఉంటుందట. గేర్ మార్చడానికి చెయ్యి వేయగానే గుండు కాస్త ఒరిగి స్విచ్ కలుస్తుంది. దాంతో ఒక వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజిన్ గాలి పీల్చే బలం ఒక డబ్బాలోని పొరను లాగుతుంది, ఆ పొర క్లచ్‌ను విడిపిస్తుంది. చెయ్యి తీస్తే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. "కాలు జేసే పని చెయ్యి జేస్తది, గంతే బిడ్డా" అనేవాడు.

పూజ నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బాపు స్టార్ట్ చేసి, మొదటి గేర్ వేసి, చెయ్యి తీసి, రేసు ఇచ్చాడు. ఇంజిన్ నెత్తిమీది విమానాలకు పోటీగా అరిచింది. బండి మాత్రం నిమ్మకాయల మీద జాలిపడి అక్కడే నిలబడింది.

"క్లచ్చే లేని బండి యాడ కదుల్తదే?" అన్నాడు చిన్నాయన, వెంటనే ఫోన్లో కిరాయి బండ్లాయన నంబరు వెతుకుతూ. తక్కినవాళ్లు తమకు తెలిసిన ఏకైక వైద్యం చేశారు, వెనక నుంచి నెట్టారు. నిమ్మకాయలు నలిగాయి. ముహూర్తం దాటకుండా ఆ ఒక్కటీ జరిగింది.

బాపు వంగి గేర్ రాడ్ వైపు చూశాడు. గుండు మెడకు తాయెత్తు. అమ్మ దర్గా నుంచి తెచ్చి, ఊడకుండా బిగించి కట్టింది. అది అడ్డంపడి గుండు పక్కకు ఒరిగే ఉంది. ఎవరో చెయ్యి వేసి తియ్యడం లేదనుకుని కారు బుద్ధిగా క్లచ్‌ను విడిపించి కూర్చుంది.

"గీ తాయెత్తు ఇప్పు" అన్నాడు బాపు.

"ఇప్ప. ట్రాక్టరుకు కట్టలే. ఏమైందో జూసినవ్ గద" అంది అమ్మ.

అంతసేపూ సలహాలిచ్చిన చుట్టాలంతా బండి మీంచి చేతులు తీసేశారు. నాకు కూడా వెక్కిరించబుద్ధి కాలేదు.

"ఇది ఉంటే బండి కదల్ది. కదలకుంటే నాకేం గాదు, నిజమే" అన్నాడు బాపు. "జిందగీ అంతా గిట్లనే కూసుండబెడ్తవా నన్ను?"

అమ్మ, ముడి చేతికి రాకపోతే పళ్లతో కొరికి తాయెత్తు తీసింది. పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. "పోనియ్. నేనుంట" అంది.

బండి కదిలింది. "నేను జెప్పలే?" అన్నాడు చిన్నాయన. ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి.

సందు చివరిదాకా పోయి వస్తామన్నవాళ్లు పొద్దుగూకినా రాలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. హిమాయత్ సాగర్ కట్ట దగ్గరున్నారట.

"బాపు మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. ఇంటికి పోదాం అంటుండు. నేనే ఇంకింత దూరం పోనియ్యమన్న."