పైకి పిలుపు

తమ్ముడు పోయాడని చిన్నమ్మ కెనడా నుంచి ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ ఆదివారం రంగూన్‌లోని మా తెలుగు చర్చిలో పాస్టరుగారు, "ప్రభువు మన సోదరుణ్ణి పైకి పిలుచుకున్నాడు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను పాటల పుస్తకం మూసేశాను.

పిల్లలు లేని చిన్నమ్మ వాణ్ణి చిన్నతనంలోనే పెంచుకోవడానికి తీసుకెళ్లింది. రంగూన్‌లో మా లత పేట వీధుల్లో చెమటలు కక్కుతూ పెరగాల్సినవాడు అక్కడ ఐస్ హాకీ ఆటగాడయ్యాడు. పెద్ద లీగ్ కాదు. దాని కింద చిన్న ఊళ్ల జట్లుంటాయి. వాటిలోనే, బస్సుల్లో నిద్రపోతూ, మోకాళ్లు అరిగేదాకా ఆడాడు. "ఆటకి జీతం నేదప్పా, బస్సెక్కినందుకే ఇత్తారు" అనేవాడు. మా ఇళ్లలో అక్కని అప్ప అనే పిలుస్తారు. ఆటలో దెబ్బలకి ముందుపళ్లు పోయాయి. లపెత్‌లో, అదే ఊరేసిన తేయాకులో, కలిపే వేయించిన పప్పులు పంపితే, "నమల్నేనప్పా, వాసన సూసుకుంతన్నాను" అని నవ్వేవాడు. క్రిస్మస్‌నాడు ఫోన్‌లో నాతోపాటు కీర్తన ఎత్తుకునేవాడు. రెండో చరణం ఎప్పుడూ రాదు. కూనిరాగం తీసేవాడు.

ఒక ఉదయం ఫోన్‌లో అరిచాడు: "అప్పా, నన్ను పైకి పిలిసేరు!"

చిన్న జట్టు నుంచి పెద్ద లీగ్‌కి రమ్మంటే వాళ్లు అనే మాట అది. వాడి తెలుగు అప్పటికే పల్చబడింది, ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టేశాడు. మా ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. అమ్మ ఫోన్ లాక్కుంది.

"ఏటి మాటరా అది! నోరు కడుక్కో!"

ఆ పూట నేనూ అమ్మ పక్కన మోకరించాను. "ప్రభువా, వాణ్ణి పైకి పిలవనివ్వకు." అర్థం తెలిశాక అమ్మ మానేసింది. నేను మానలేదు. పెద్ద ఆటలో దెబ్బలూ పెద్దవని విన్నాను. ఆ పిలుపుకి వెళ్లి, ఆడించకపోతే బెంచీ మీదే కూర్చుని, చిన్న జట్టుకి తిరిగొచ్చాడు. మళ్లీ ఎవరూ పిలవలేదు. నా ప్రార్థన సంగతి వాడికి తెలుసు. "కొంచెం మెల్లగా సెయ్యప్పా, కోచ్‌కి ఇనబడిపోతంది" అనేవాడు.

ఆట మానేశాక ఒకసారి రంగూన్ వచ్చాడు. నది అవతలి దలా వెళ్లే ఫెర్రీ కోసం రేవులో నిలబడి ఉండగా అడిగేశాను.

"నాను అడ్డుపడ్డానేటిరా?"

"నేదప్పా. నాను ఆడగలిగిందే అంత."

చాలా త్వరగా అన్నాడు. ఇప్పటికీ ప్రార్థనకి కూర్చుంటే ఆ తొందరే ముందు వినిపిస్తుంది.

పక్కనే చేపల బుట్టల కోసం ఐసుగడ్డలు కొడుతున్నారు. ఒక ముక్క జారి వాడి కాళ్ల దగ్గరికొచ్చింది. వాడు నా గొడుగు లాక్కుని, హాకీ కర్రలా పట్టి, వంగి, తడి చెక్కల మీద దాన్ని ఒక్క తోపు తోశాడు. ఎవరి కాలికీ తగలకుండా, బుట్టల మధ్యగా దూసుకుపోయి నదిలో పడింది. కూలీలు ఈలలు వేశారు. వాడు మాత్రం గొడుగు రెండు చేతులా పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు, ఇంకో ముక్క వస్తుందేమోనని.