పుస్తకంలో చనిపోయిన చెల్లెలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. మా ఊరి పిల్లకాలువ నా నోట్లో పడితే గోదావరి అయి బయటికొస్తుంది. ఒకసారి మా బావమరిదికి జలుబు చేస్తే ఆ సంగతి నేను ఉత్తరం రాసిన తీరుకి మూడు ఊళ్ళ నుంచి చుట్టాలు పరామర్శకి బయల్దేరారు. మా ఆవిడ డాక్టరు. నేను చెప్పే ప్రతి అంకెనీ మందు మోతాదు తగ్గించినట్టు సగం చేసుకుని వింటుంది. పాఠకులు కూడా అదే పద్ధతి పాటించవచ్చు. ఇందులో క్యూలూ చలీ దూరాలూ సగం చేసుకోండి. ఉత్తరాల జోలికి మాత్రం పోకండి. వాటిని నేను పెంచలేదు.

అది డెబ్బై తొమ్మిది వేసవి. నేను న్యూజెర్సీలో, ఎడిసన్ పక్కన ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాణ్ణి. మా ఆవిడ ఒహాయోలో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తోంది. మా కాపురం టెలిఫోన్ తీగ మీద ఆరేసిన బట్టలా ఉండేది. వారంలో ఆరు రోజులు నాతో తెలుగులో మాట్లాడేది ఆవకాయ సీసా ఒక్కటే. ఆఫీసులో నా పేరు పలకలేక నన్ను చూసి చెయ్యూపేవారు. రెండేళ్ళలో ఆ చెయ్యూపడాన్నే నా పేరుగా అలవాటు చేసుకున్నాను.

ఆ వేసవిలో పెట్రోలు దొరకడం మానేసింది. కారు నంబరు ప్లేటు చివర బేసి అంకె ఉన్నవాళ్ళు బేసి తేదీల్లో, సరి అంకె ఉన్నవాళ్ళు సరి తేదీల్లో మాత్రమే పోయించుకోవాలని రూలు పెట్టారు. అయినా క్యూలు తగ్గలేదు. మా వీధి బంకు దగ్గర మొదలైన క్యూ తోక పెన్సిల్వేనియాలో ఉందని మా ఆవిడకి ఫోన్లో చెప్పాను.

"అయితే ఆ తోక పట్టుకుని ఇటొచ్చేయండి, సగం దూరం కలిసొస్తుంది," అంది.

ఒకరోజు మా అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో, వాషింగ్ మెషిన్ల పైనున్న బోర్డు మీద ఒక కార్డు కనిపించింది. ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు: "నాది సరి సంఖ్య. బేసి సంఖ్య కావాలి. సిగరెట్ తాగకూడదు. ఎక్కువ మాట్లాడకూడదు." మొదటి రెండు అర్హతలూ నాకున్నాయి. వెళ్ళి తలుపు కొట్టాను.

తలుపు తీసినావిడ చైనా మనిషి, నా భుజం దాకా కూడా రాదు. నలభై ఏడేళ్ళుంటాయి. మా ఆఫీసు దారిలోనే ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాల వివరాలు కార్డుల మీద ఎక్కించే ఉద్యోగం. సరి తేదీన ఆవిడ కార్లో, బేసి తేదీన నా కార్లో పెట్రోలు పోయించుకుని, అందులోనే ఇద్దరం కలిసి వెళ్ళిరావాలని ఒప్పందం కుదిరింది. నేను "మేడమ్" అంటే ఆవిడకి నచ్చలేదు గాని మార్చలేకపోయింది. ఆవిడ నన్ను "చిన్న ఇంజనీరూ" అనేది. వాళ్ళ దేశంలో తమకన్నా చిన్నవాళ్ళని అలా పిలుస్తారట. ఆరడుగుల మనిషిని (ఇది కూడా కాస్త తగ్గించుకోండి) నన్ను చిన్నా అని పిలిచిన మనిషి ఆ ఖండంలో ఆవిడొక్కతే.

ఆవిడ రచయిత్రి అని నాకు ఆరు వారాల దాకా తెలియదు. ఒకనాడు క్యూలో గంట నుంచీ ఒకేచోట కార్లో కూర్చుని ఉన్నాం. ఆవిడ సంచిలోంచి చిన్న చిన్న గళ్ళున్న కాగితాల కట్ట తీసి, ఒళ్ళో అట్ట పెట్టుకుని, గడికొక అక్షరం చొప్పున నింపడం మొదలుపెట్టింది.

"పజిలా?" అన్నాను.

"నవల. ఐదోది."

"ఎక్కడ అచ్చవుతాయి?"

"తైపేలో, హాంకాంగ్‌లో. రోజూ పేపర్లో ఒక ముక్క వేస్తారు. ఆ పేపర్లు ఓడెక్కి నా దగ్గరికి రావడానికి రెండు నెలలు. నా నవలలో ఎడిటరు ఏం మార్చాడో అందరికన్నా చివర తెలిసేది నాకే."

"మరి ఇక్కడ ఎవరు చదువుతారు?"

ఆవిడ తల తిప్పి ముందున్న కార్లన్నీ చూసింది, తర్వాత వెనకున్న కార్లన్నీ చూసింది. నిజంగా ఆ వరసలో ఎవరైనా ఉన్నారేమోనని వెతికినట్టే చూసింది. "ఎవరూ లేరు," అని మళ్ళీ గడి నింపుకుంది.

నేను ఊరుకోగలనా. "నేనూ రాస్తాను మేడమ్. మా భాషలో, వారపత్రికలకి," అన్నాను.

"దేని గురించి?"

"మా చుట్టాల గురించి. అన్నీ అబద్ధాలే."

"వాళ్ళు చదువుతారా?"

"చదివి కొట్టడానికొస్తారు."

"మీరు అదృష్టవంతులు, చిన్న ఇంజనీరూ," అంది. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

తర్వాత ఆ క్యూల్లోనే ఆవిడ కథంతా ముక్కలు ముక్కలుగా విన్నాను. యాంగ్సీ నది ఒడ్డున పుట్టింది. పదిహేడో ఏట, యుద్ధం ఊరి దాకా వచ్చినప్పుడు, పిన్నితో పాటు పడవెక్కింది. అమ్మా, పన్నెండేళ్ళ చెల్లెలూ వెనక పడవలో రావాలి. వెనక పడవ లేదు. తైవాన్‌లో కాలేజీ, స్కాలర్‌షిప్ మీద అమెరికా, నాలుగేళ్ళు నిలిచిన పెళ్ళి, లైబ్రరీ ఉద్యోగం. రోజూ తెల్లవారక ముందే లేచి రెండు పేజీలు రాసి, పనికి పోయేది. ఇరవై ఏళ్ళుగా ఇదే. లైబ్రరీలో పక్క బల్ల మనిషికి కూడా ఆవిడ రాస్తుందని తెలియదు. ఆవిడ పుస్తకాలు ఆ లైబ్రరీలోనే ఉన్నాయట. వాటికి కార్డులు రాసింది ఆవిడే. ఇంతవరకూ ఎవరూ వాటిని బయటికి తీసుకెళ్ళలేదు.

ఆవిడకి పేరు తెచ్చింది మూడో నవల. అందులో రేవు దగ్గర విడిపోయిన అక్కాచెల్లెళ్ళుంటారు. చెల్లెలు వెనకబడిపోయి, కొన్నేళ్ళ తర్వాత ఒక చలికాలంలో ఆకలితో పోతుంది. అమ్మ మాత్రం బతికే ఉండి, చివరి పేజీ దాకా గుమ్మంలో నిలబడుతుంది. ఆ చావు చదివి ఏడ్చామని తైపే నుంచి, సింగపూర్ నుంచి కట్టల కొద్దీ ఉత్తరాలొచ్చాయి.

"నిజంగా చెల్లెలు పోయిందా?" అనడిగాను.

"తెలియదు. ఇద్దరి గురించీ ఏమీ తెలియదు. ఎదురుచూడ్డం ఎంతకాలమని. చంపేస్తే ఒక ఏడాది ఏడిస్తే సరిపోతుందనుకున్నాను. అమ్మను చంపడానికి చెయ్యి రాలేదు, చెల్లెల్ని చంపాను."

ఆ సంగతి ఫోన్లో మా ఆవిడకి చెప్పాను. అంకె ఏదీ లేదు కాబట్టి సగం చెయ్యడానికి ఆవిడకి వీలు కాలేదు.

శరదృతువుకి క్యూలు పోయాయి. బేసి, సరి అవసరం తీరిపోయింది. అయినా ఇద్దరిలో ఎవరమూ ఒప్పందం రద్దు మాట ఎత్తలేదు. నవంబరులో ఒకరోజు పొద్దున్న ఆవిడ కారెక్కి, బెల్టు పెట్టుకోకుండా, ఉల్లిపొరలాంటి నీలం కవరు ఒకటి నా ముందు పట్టుకుంది.

"మా చెల్లెలు," అంది.

బతికే ఉంది. ఒక ఊళ్ళో బళ్ళో లెక్కలు చెబుతోంది. హాంకాంగ్‌లో ఉన్న చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ ఆ ఏడు తమ ఊరు చూడ్డానికి వెళ్ళి, ఆమెని కలిసి, మీ అక్క అమెరికాలో పెద్ద రచయిత్రి అని చెప్పి అడ్రసు ఇచ్చింది. పుస్తకంలో చెల్లెలు పోతుందన్న ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా జాగ్రత్తపడింది. ఉత్తరం చాలా చిన్నది. అందులో అమ్మ ప్రస్తావన లేదు. చివర్న ఒకటే కోరిక: "నువ్వు రాసినవాటిలో నేనెక్కడైనా ఉంటే ఆ పుస్తకం పంపు."

వారం రోజులు ఆవిడ ఆ కవరు సంచిలో పెట్టుకుని తిరిగింది. తర్వాత ఒక బ్లేడుతో పద్దెనిమిది పేజీలు కోసేసి, మిగతా పుస్తకాన్ని ఎయిర్‌మెయిల్‌లో పంపింది. ఆరు వారాలకి జవాబొచ్చింది. లెక్కల టీచరు కదా. "రెండు వందల పన్నెండు తర్వాత రెండు వందల ముప్పై ఒకటి ఉంది. మీ బైండరుకి చేతకాదు. ఆ పేజీలు పంపు. అప్పుడు నేను ఎలా ఉన్నానో చూడాలి."

ఆ సాయంత్రం తిరిగొస్తుండగా మంచు మొదలైంది. ఆవిడ అడిగింది. ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు.

"చిన్న ఇంజనీరూ, పంపనా వద్దా? దానికి నేనొక్కదాన్నే, నాకు అదొక్కతే. అది చచ్చిపోయినట్టు పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నానని తెలిస్తే, ఇంకో ఉత్తరం రాస్తుందా?"

నేను కారు రోడ్డు పక్కన ఆపాను. "మేడమ్, మా దేశంలో ఒక నమ్మకం ఉంది. బతికున్న మనిషి పోయాడని వార్త పుడితే, ఆ మనిషికి ఆయుష్షు పెరుగుతుందంటారు. మా తాత పోయాడని పొరపాటున టెలిగ్రాం ఇస్తే, ఆయన ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. మీరు చెల్లెల్ని చంపలేదు. అచ్చు వేసి మరీ ఆయుష్షు పోశారు. ఆ పేజీలు పంపండి," అన్నాను. ఆవిడ నా మొహం వైపు చూసి, "నిజంగానేనా?" అంది. "ఒట్టు," అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. మళ్ళీ కారు స్టార్ట్ చేశాను.

కోసిన పేజీలు పంపలేదు ఆవిడ. ఆ అధ్యాయం మొత్తం గళ్ళ కాగితం మీద, గడికొక అక్షరం చొప్పున, తన చేత్తో మళ్ళీ రాసి పంపింది. పంపాక జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఆవిడ నవల ఒక్క గడి కూడా కదల్లేదు. పొద్దున్నే లేచి ఏం చేస్తున్నారని అడిగితే, "పోస్టు పదకొండింటికి వస్తుంది. అందాకా కూర్చుంటాను," అంది. అది శనివారాల సంగతి. మిగతా రోజుల్లో సాయంత్రం కారు పూర్తిగా ఆగకముందే దిగి పోస్టు డబ్బాల దగ్గరికి నడిచేది. నేను కార్లోనే కూర్చుని ఆవిడ వీపు చూసేవాణ్ణి. ఖాళీ డబ్బా తలుపు వేసే చప్పుడు నా చెవుల్లో కొబ్బరికాయ పగిలినంత గట్టిగా వినిపించేది. ఇది సగం చేసుకోనక్కర్లేదు.

ఏప్రిల్లో జవాబొచ్చింది. కార్లో కూర్చుని ఆవిడ ఆగి ఆగి నాకు ఇంగ్లీషులో చదివి చెప్పింది.

"అక్కా, నా చావు చదివాను. మూడు తప్పులున్నాయి. మొదటిది, నువ్వు రాసిన ఆకుపచ్చ కోటు నాది కాదు, నీది. నువ్వు వెళ్ళాక నేను వేసుకున్నాను. రెండోది, నేను అంత నిశ్శబ్దంగా పోయే రకం కాదు, నీకు తెలుసు. మూడోది, నువ్వు నన్ను తొమ్మిది వరసల్లో ఆకలితో చంపేశావు. ఆకలి అంత తొందరగా చంపదు. అమ్మకి రెండు చలికాలాలు పట్టింది. నీకెలా రాయాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. నీ పుస్తకంలో అమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. నేను రోజూ స్కూలు నుంచి వచ్చి ఆ పేజీలే చదువుకుంటున్నాను."

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మా కారు పార్కింగ్ గీతల మధ్య సరిగ్గా లేదని, సరిచెయ్యమని నాకు చెప్పింది. నేను సరిచేశాను.

ఆ ఐదో నవల ఆవిడ పూర్తి చెయ్యలేదు. ఆరోది మొదలుపెట్టింది. అందులో చెల్లెలు బతుకుతుంది, అమ్మ పోతుంది, ఆకలి డెబ్బై పేజీలుంటుంది. రాసిన ప్రతి అధ్యాయాన్నీ చెల్లెలికి పంపేది. ఆ కాగితాలు తప్పులకు నంబర్లు వేయించుకుని తిరిగొచ్చేవి. ఎనభై ఒకటిలో మా ఆవిడకి టెక్సస్‌లో ఉద్యోగం దొరికి నేనూ అటు వెళ్ళిపోయాను. ఆ తర్వాతి ఏడు ఆవిడ చైనా వెళ్ళి, రెండు వారాలుండి వచ్చింది. చెల్లెలు తనకన్నా పొడుగని ఒక కార్డు రాసింది. అంతకుమించి ఏమీ రాయలేదు.

దశాబ్దం చివర్లో ఆ నవల ఇంగ్లీషులోకి వచ్చింది. టెక్సస్‌లో మా ఊరి యూనివర్సిటీలో ఆవిడ దాన్ని చదివి వినిపిస్తుందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. హాల్లో వెయ్యిమంది ఉన్నారని నేనంటాను. మా ఆవిడ లెక్కపెట్టింది, పదకొండుమంది. కాఫీ కోసం వచ్చినవాళ్ళు అందులో నలుగురు. ఒక కుర్రవాడు లేచి చెల్లెలి పాత్ర కల్పనేనా అని అడిగాడు. "కాదు. కల్పన అయితే నా మాట వినేది," అంది ఆవిడ. జుట్టు పూర్తిగా నెరిసింది. సభ అయ్యాక మా ఆవిడ చేతులు పట్టుకుని, "ఈయన చాలా మంచి శ్రోత. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు," అంది. మా ఆవిడ నా వైపు వింతగా చూసింది. నేను బూట్ల వైపు చూసుకున్నాను.

ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. క్యూల పొడుగు పెంచాను, మంచు పెంచాను, నా ఎత్తు పెంచాను. కానీ పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఆ సాయంత్రం నేను కారు ఆపలేదు. ఆయుష్షు మాట ఎత్తలేదు. మా తాతకి ఏ టెలిగ్రామూ రాలేదు. ఆ మాటలు నాకు తట్టింది నాలుగేళ్ళ తర్వాత, టెక్సస్‌లో, గడ్డం గీసుకుంటుంటే. ఆవిడ పంపనా వద్దా అని అడిగినప్పుడు నాకు భయం వేసింది. అంత సొంత మనిషిలా నన్నెవరూ ఏదీ అడగలేదు అక్కడ. రోడ్డు జారుతోంది మేడమ్ అని, ట్రాఫిక్ వార్తల కోసం రేడియో పెట్టాను. ఆవిడ అవునని తలూపి, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంది. ఇంటి ముందు దిగేటప్పుడు రోజూలాగే థాంక్స్ చెప్పింది. మర్నాడు పొద్దున్న చూస్తే ఆవిడ వేళ్ళకి సిరా ఉంది.