కుంపటి మానేసిన ఇల్లు

తొంభై మూడు జనవరిలో భాగ్యరేఖ పురిటికి భిలాయి క్యాంప్ వన్‌లోని పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింతకి చలి తగలకూడదని తల్లి సింహాచలమ్మ బొగ్గుల కుంపటి రాజేసి, పొగ తగ్గాక లోపలిగదిలో మంచం పక్కన పెట్టింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. పేటలో అందరూ చేసే పనే. తెల్లారి తలుపు తీసేసరికి భాగ్యరేఖకీ బిడ్డకీ ప్రాణం లేదు.

ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. మూసిన గదిలో బొగ్గు కాలితే విషవాయువు పుడుతుందనీ, దానికి వాసనుండదనీ ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. సింహాచలమ్మ భర్త రాజాబాబు ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. ఆ మాట విని ఆస్పత్రి మెట్ల మీద భార్యతో అన్నాడు.

“ప్లాంటుల గేసుంటే బోర్డెడతారే, గంట కొడతారు. ఇంట్ల ఎవుడు కొడతాడే గంట?”

దినాలు అయ్యాక సింహాచలమ్మ కుంపటిని మురుగుకాలవలో పడేసింది. గ్యాసు కనెక్షన్‌కి పేరు రాయించారు గాని ఎప్పుడొస్తుందో తెలీదు. రేషన్ కిరసనాయిలు నాలుగు రోజులకే అయిపోయేది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చిన రాజాబాబు నానబెట్టిన అటుకులు చూసి కంచం తోసేశాడు.

“ఏటే ఇది? కడుపు మాడ్చీస్తావేటి?”

“నాను బొగ్గు ముట్టను మావా. ఈ సేతుల్తోనే కదా ఆ గదిలో ఎట్టీసినాను.”

అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు.

రిసాలి క్వార్టర్లలో సింహాచలమ్మ పనిచేసే ఇంటావిడ మణిమాల, ఇంజనీరుగారి భార్య. వాళ్ళ వరండాలో అద్దం మూత ఉన్న సోలార్ కుక్కర్ మూలపడి ఉంది. “నాకంత ఓపిక లేదు, నువ్వు పట్టుకెళ్ళు” అందామె. పొద్దున్నే ఎండలో పెడితే మధ్యాహ్నానికి అన్నం, పప్పు ఉడికేవి. అద్దం మీద ప్లాంటు దుమ్ము రోజూ తుడవాల్సి వచ్చేది. మబ్బు పట్టిన రోజుకి కిరసనాయిలు దాచుకుంది. పాత రంగు డబ్బాల్లో బచ్చలి, ఆనపపాదు వేసి బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. కాయలు కాస్తే కోసి వండేది గాని, తినేటప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి భాగ్యరేఖ చీరలతో బొంతలు కుట్టి, పసిపిల్లలున్న ఇళ్ళకి పట్టుకెళ్ళింది.

“ఇది కప్పుకోండమ్మా. గదిలో బొగ్గుల సిగ్డీ ఎట్టకండి.”

“చచ్చిపోయినోళ్ళ బట్టలు బాలింతకేటి!” అని ఒకావిడ తలుపేసుకుంది. పక్క సందులో ఉండే హైమవతి మాత్రం, “పోన్లే పిన్నీ, ఇయ్యి” అని తీసుకుంది. ఆమెకి మూడు నెలల కొడుకు.

ఒక పొద్దున్న సింహాచలమ్మ ఆ సందులోంచి వెళ్తూ ఆగిపోయింది. హైమవతి కిటికీకి లోపలి నుంచి ఆ బొంత అడ్డంగా కట్టి ఉంది. తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. హైమవతి భర్త రాత్రి షిఫ్టుకి వెళ్ళి ఇంకా రాలేదు. సింహాచలమ్మ కేకలకి రాజాబాబు పరిగెత్తుకొచ్చి గునపంతో గడియ విరగ్గొట్టాడు. కుంపటి ఇంకా వెచ్చగా ఉంది. ఇద్దరినీ బయటికి లాగి ఆటోలో వేశారు.

పిల్లాడు బతికాడు. హైమవతి కూడా బతికింది గాని, ఆ తరవాత ఆమెకి మాట తడబడేది. చేతిలోని వస్తువు ఎందుకు తీసుకుందో మరిచిపోయి నిలబడిపోయేది.

“కప్పుకోమంటే కిటికీకి కట్టీసింది మావా” అంది సింహాచలమ్మ.

రాజాబాబు సుత్తీ ఉలీ తీసుకుని, గాలి ఆడేందుకు హైమవతి ఇంట్లో గోడ పైభాగాన ఒక ఇటుక ఊడగొట్టాడు. తరవాత తమ లోపలిగదిలో ఇంకోటి. ఆ చలికాలమంతా సెలవు రోజుల్లో అతనికి అదే పని. కొందరు ఒప్పుకున్నారు. కొందరు అతను వెళ్ళగానే కన్నంలో కాగితాలు కుక్కుకున్నారు. సింహాచలమ్మ సాయంత్రాలు సందుల్లో తిరిగి, కాగితాలు కనిపించిన ఇంటి తలుపు కొట్టి తీయించేది. తిట్టేవాళ్ళు తిట్టేవారు. తీసేదాకా ఆమె గుమ్మంలోంచి కదిలేది కాదు.