కొత్తగూడలో వాలిన గూడబాతులు

ముందు టీ పోయండి, చెప్తా. అయిపోయేదాకా ఎవరూ నవ్వకూడదు. పిల్లల కోసం నేను తవ్విన గోతిలో ప్రిన్సిపాల్ సారు పడినాడు, ఆయన వెనకే నేనూ పడినా. ఇప్పుడు నా ఉద్యోగం ఊగులాడతా ఉంది!

నైన్త్ బి వాళ్లకు కంప్యూటర్స్ చెప్తా కదా. ప్రాజెక్టు ఇస్తే చాలు, నెట్‌లో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. ఒకడైతే చేత్తో రాసి, చివర్లో 'మరిన్ని వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి' అని కూడా రాసినాడు. కింద స్కేలు పెట్టి నీలం గీత! నాకు తిక్క రేగింది. "పేజీ తెరవగానే ఎవరు రాశారో చూడండి. చదవండి, మూసేయండి, మీ సొంత మాటల్లో రాయండి" అని గొంతు పోయేలా చెప్పినా. "యెస్ టీచర్" అన్నారు. ఆ యెస్‌ను నేను నమ్మలేదు.

పరీక్షిద్దామని, మన కొత్తగూడకు ఆ పేరెలా వచ్చిందో రాసుకు రమ్మని ప్రాజెక్టు ఇచ్చినా. మరుసటి రోజు తెలంగాణ బంద్. స్కూల్ లేదు, బస్సుల్లేవు, మా ఆయన టీవీ ముందు. నేనేమో కుదురుగా ఉండే రకం కాదు, మీకు తెలిసిందే. ఫ్రీ బ్లాగు ఒకటి తెరిచి రాసిపారేసినా: "పూర్వం ఇక్కడి చెరువు మీదికి పెద్ద పెద్ద ముక్కుల గూడబాతులు కొత్తగా వచ్చి వాలాయి. అందుకే ఈ ఊరు కొత్తగూడ అయింది." అంతా నా సొంత పైత్యం! ఎవరి పేపర్లో గూడబాతు కనిపిస్తే వాళ్లు దొరికినట్టే.

మా ఆయన తొంగి చూసి, "ఏమే, మనం కర్నూలు నుంచి వచ్చినోళ్లం. ఈ టైంలో వీళ్ల ఊరి పేరుతో ఆటలెందుకు?" అన్నాడు.

"రెండ్రోజుల్లో తీసేస్తాలే, ఊరికే ఉండు!" అన్నా.

నిన్న పేరెంట్స్ మీటింగ్. ఈ నెలతో నా ప్రొబేషన్ అయిపోతుంది. పర్మనెంట్ చేసేదీ ఇంటికి పంపేదీ సారు చేతిలో ఉంది. అందుకే ముందు వరసలో బుద్ధిగా కూర్చున్నా. సారు గోదావరి మనిషి, మైకు దొరికితే వదలడు. "మన కొత్తగూడకి ఆ పేరెలా వచ్చిందో తెలుసాండీ? గూడబాతులండీ!" అన్నాడు.

స్పీచ్ కోసం ఈయనా నెట్ వెతికినాడే!

మౌనిక అని మా క్లాసు పిల్ల, వాళ్ల నాన్న లేచినాడు. "సార్, నేను ఈడనే పుట్టిన. గూడబాతులేంది? ఎవరు చెప్పిన్రు?"

"నెట్‌లో ఉందండీ!"

"ఎవరు రాసిన్రు సార్? ఇగ మా ఊరి ముచ్చట గూడ మీరే రాస్తరా?"

హాల్లో గుసగుసలు మొదలైనాయి. సారు నా వైపు తిరిగి, "శైలజగారూ, ఆ పేజీ స్క్రీన్ మీద వేసి చూపించండి" అన్నాడు.

"నెట్ స్లోగా ఉంది సార్" అని మౌస్ అటూ ఇటూ తిప్పతా ఉన్నా. రోజూ పోయే కరెంటు ఆ పొద్దు పోదే! పేజీ రానే వచ్చింది.

అప్పుడు మౌనిక లేచింది. "నాన్నా, జర ఆగు. సార్, అది ఉత్తదే సార్. ఎవరు రాసిన్రో ఫస్ట్ చూడాలని టీచర్ చెప్పింది, మేమందరం చూసినం. కిందికి పోండి టీచర్."

కిందికి పోయినా. గోడంత స్క్రీన్ మీద నా పేరు, పక్కన నా ఫోటో. తొందర్లో నా మెయిల్‌తోనే బ్లాగు తెరిచింటి!

ఇంక లేచి చెప్పేసినా. పిల్లలు కాపీ కొడతారేమో చూద్దామని నేనే రాసినా, మీ ఊరిని తక్కువ చేయాలని కాదు, అని.

మౌనిక వాళ్ల నాన్న సారు వైపు తిరిగినాడు. "అంటే పోరగాళ్లకు పరీక్ష పెడితే సార్ ఫెయిలయిండా?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు! నాకు ప్రాణం లేచొచ్చింది. సారు మాత్రం నవ్వలేదు.

"క్షమాపణ లెటర్ రాసివ్వండి. అది చూశాక మీ పర్మనెంట్ సంగతి చూద్దాం" అన్నాడు.

స్టాఫ్ రూంలో కూర్చుంటే మాటలెక్కడొస్తాయి! ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని ఒకటే ఆత్రం. టకటకా ప్రింట్ తీసి, సంతకం గీకి ఇచ్చేసినా.

సారు చదివినాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. "శైలజగారూ, నేనూ నేర్చుకున్నానండీ. ముందు ఎవరు రాశారో చూశాను. మీరు కాదు" అని కాగితం నా వైపు తిప్పినాడు. నా సంతకం కిందే, 'మీ పేరు ఇక్కడ రాయండి' అని అట్లే ఉంది!

"సోమవారం పొద్దునకల్లా సొంత మాటల్లో ఒక పేజీ తెండి. లేదంటే పర్మనెంట్ మాట మర్చిపోండి" అన్నాడు.

రేపే సోమవారం. పొద్దున్నుంచీ కూర్చుంటా ఉన్నా, లేస్తా ఉన్నా, ఒక్క ముక్క రావడం లేదు. మీలో ఎవరైనా ఇట్లాంటిది రాసింటే ఒకసారి చూపించండమ్మా, చూసి రాసుకుంటా!