మైసమ్మ నెత్తి తొక్కని జట్టు

...అందుకే చెబుతున్నాను, పాత చెప్పులు పారేసే ముందు ఒకసారి తిరగేసి చూడండి. ఏ చెప్పు ఎక్కడ అరిగిందో చూడండి. మా ఈరవ్వ యాభై రెండేళ్లు వచ్చేదాకా చూసుకోలేదు. అప్పుడు కూడా ఆమె చూసుకోలేదు, ఇంకొకరు చూశారు.

ఈరవ్వ మా జట్టుకు పెద్ద. పన్నెండు మంది ఆడవాళ్లం. బోధన్ దిక్కు ఎవరి చెరుకు తోటలో కలుపు పెరిగినా, కొత్తగా చెరుకు ముక్కలు నాటేది ఉన్నా, ముందు కబురు ఈరవ్వకే. ఆమె ముందు, మేము వెనుక. మొగుడు చిన్నప్పుడే పోయాడు, పిల్లలు లేరు, గుంట భూమి లేదు. ఆమెకు ఉన్నదల్లా ఆ ముందు నడవడమే. నోరు మాత్రం దేవుడు పన్నెండు మందికి సరిపడా ఇచ్చాడు.

నడక కొంచెం ఊగుతూ ఉండేది. వాళ్ల అమ్మ కూడా అట్లాగే నడిచేదట. వంశం నడక అనుకున్నాం, ఎవరూ పట్టించుకోలేదు.

తోటలకు పోవాలంటే నిజాంసాగర్ కాలువ కట్ట మీదుగా పోవాలి. పైన రెండు బండ్లు పోయేంత జాగా. ఈరవ్వ మాత్రం ఆ పైన కాలు పెట్టేది కాదు. పోయేటప్పుడు పొలాల వైపు వాలు మీద, వచ్చేటప్పుడు నీళ్ల వైపు వాలు మీద నడిచేది. మేము జట్టు కట్టిన కొత్తలో, అంటే యాభై ఆరులో, గంగమణి అడిగింది.

"గింత మంచి తొవ్వ ఉండంగ గా వాలు మీద ఎందుకే, అవ్వా?"

ఈరవ్వ నోరు విప్పేలోపే, వెనుక నుంచి సాయవ్వ అందుకుంది. "కట్ట మీద మైసమ్మ ఉంటది గదనే. అమ్మ నెత్తి తొక్కుతరా ఎవరన్న?"

ఈరవ్వ "ఊఁ" అంది. అంతే. ఆ ఒక్క ఊఁ తోటి మిగతా అందరమూ వాలు మీదికి దిగాం. జట్టులోకి కొత్త మనిషి వస్తే మొదట నేర్పేది అదే. చెరుకు బండి తోలే భోజన్న కట్ట మీద మాకు ఎదురైతే పళ్లికిలించేవాడు.

"ఏందే, మేకల్లెక్క గిట్ల పోతున్నరు? నా బండే పడుతది ఈ కట్ట మీద, మీరు పట్టరా?"

"నీ ఎడ్లకు దేవుడు లేడు, మాకున్నడు. నడువ్," అనేది గంగమణి.

ఇట్లా పదమూడేళ్లు నడిచింది. అరవై తొమ్మిదిలో ఈరవ్వకు తుంటి నొప్పి మొదలైంది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లోనే బోధన్ బజారులో టైరు చెప్పులు కుట్టే రుక్మాబాయి దగ్గరికి పోయాం. రుక్మాబాయి మరాఠీ మనిషి, తెలుగు మాట్లాడితే మధ్యమధ్యన అది దొర్లేది.

"అగ బాయీ! ఏడాదిల మూడు జతలు," అంది రుక్మాబాయి, ఈరవ్వ చెప్పులు తిరగేసి. "నాకేం, నా కడుపు నిండుతది. గానీ సూడు, కుడిదానికి మడిమె లేదు, ఎడమదానికి ముందర లేదు. గివి ఒక్క మనిషి చెప్పులా, ఇద్దరియా?"

"నీ టైరే కచ్చాది," అంది ఈరవ్వ.

"లారీ టైరు బాయీ! లారీకి అరగంది నీ కాలికి అరుగుతదా? నిజామాబాద్ పోయి డాక్టర్‌కు సూపియ్యి."

రైలెక్కించి నేనే తీసుకుపోయాను. డాక్టరు పడుకోబెట్టి టేపుతో రెండు కాళ్లూ కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఎముకల ఫొటో తీయించాడు. ఎడమ తుంటి ఎముక పుట్టినప్పటి నుంచి దాని గుంటలో కూర్చోనే లేదట. ఎడమ కాలు ఒకటిన్నర అంగుళం పొట్టి.

"యాభై రెండేండ్ల సంది నాతోనే తిరుగుతున్నది, ఒక్కనాడన్న నాకు చెప్పకపాయె!" అంది ఈరవ్వ కాలు వైపు చూసి.

డాక్టరు నవ్వాడు. ఎక్కడ నడిస్తే సుఖంగా ఉంటుందని అడిగాడు. కట్ట సంగతి చెప్పింది. పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా ఎడమ కాలు మిట్టకు, కుడి కాలు పల్లానికి. అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఎడమ చెప్పుకు ఎత్తు కట్టించుకోమన్నాడు. లేకపోతే రెండేళ్లలో నడక బందయిపోతుందని కూడా చెప్పాడు.

తిరుగు రైల్లో ఈరవ్వ, బోధన్ దగ్గరపడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నోరు మూసుకో. కుంటిదని ఎరుకైతే నా ఎనక ఎవరొస్తరు? మైసమ్మ పేరు మీద ఇన్నేండ్లు నడిపిచ్చిన. అమ్మకు తప్పయిందని ఒక కొబ్బరికాయ కొడత, గంతే."

రుక్మాబాయి ఎడమ చెప్పు కింద లారీ టైరు మూడు పొరలు వేసి మేకులు కొట్టింది. ఈరవ్వ దాన్ని ఇంట్లో, తలుపు వేసుకొని వేసుకునేది. నొప్పి తగ్గింది. కానీ ఇంట్లో నడిస్తే పొట్ట నిండుతుందా? ఒక పొద్దున చీర కుచ్చెళ్లు కిందికి దించి, చెప్పు కనబడకుండా వేసుకొని జట్టు ముందుకొచ్చింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? కట్ట రాగానే వాలు మీదికే దిగింది. మిట్టకు ఉన్న కాలికి ఇప్పుడు ఇంకా ఎత్తు. నాలుగు అడుగులు వేసిందో లేదో, కుడివైపుకు ఒరిగి, గుమ్మడికాయ దొర్లినట్టు దొర్లి కింద వరి మడిలో పడింది.

"అయ్యో అవ్వా!" అని అందరం దిగాం. ఒళ్లంతా బురద. తను మాత్రం మమ్మల్ని నెట్టేసి, గడ్డి పట్టుకొని పాకి, కట్ట పైకి ఎక్కింది. నడి కట్ట మీద నిలబడింది. నిటారుగా, ఊగకుండా. అట్లా నిలబడగా ఆమెను మేము ఎన్నడూ చూడలేదు.

"మైసమ్మ నెత్తి మీదున్నవే!" అని సాయవ్వ అరిచింది.

"మైసమ్మ లేదు, ఏం లేదు. నాకు ఒక కాలు పొట్టి," అంది ఈరవ్వ. చీర ఎత్తి చెప్పు చూపించింది. "నాకు సుకమని నడిచిన. మీరే ఎనక పడ్డరు."

గంగమణి చెప్పు విప్పించి, చేతిలో బరువు చూసి, తన కాలికి తొడుక్కొని రెండు అడుగులు కుంటింది.

"పదమూడేండ్లు! మంచిగున్న కాళ్లోళ్లను పదమూడేండ్లు వంకర నడిపిస్తివి గదనే, ముసలిదానా!"

"ఇగ నువ్వు నడువ్ ముందట," అంది ఈరవ్వ. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"నేనా? నాకు సాలు సక్కగ పట్టనొస్తదా? ఏ తోటల ఎంత పనో ఎరుకనా? మైసమ్మ కోసం అచ్చినమానే నీ ఎనక? తొడుక్కో నీ టైరు. ఎండెక్కుతున్నది."

ఇక నవ్వులే నవ్వులు. ఆ పూట కట్ట మీదుగా నడిచాం. అందరం కాదు. సాయవ్వ, ఇంకో ముగ్గురు ఇప్పటికీ వాలు మీదనే. "కాలు సంగతి మీది. అమ్మతోని లొల్లి మాకెందుకు?" అంటారు.

అయిదేళ్లయింది. ఈరవ్వ ఇంకా ముందే నడుస్తుంది. ఒక కొత్త రోగం మాత్రం పట్టుకుంది. ఎవరు కనబడినా వాళ్ల కాళ్లే చూస్తుంది.

మైసమ్మ కొబ్బరికాయ సంగతి అడుగుతారేమో. రెండుసార్లు కొన్నది, రెండుసార్లూ మధ్యాహ్నం అన్నంలోకి పచ్చడి చేసుకొని మేమే తిన్నాం. మొన్న శుక్రవారం మాత్రం గట్టిగా అనుకొని మూడోది కొంగులో కట్టుకొని బయలుదేరింది. మైసమ్మ గుడికి ఇంకా ఇరవై అడుగులు ఉందనగా భోజన్న బండి ఎదురైంది. భోజన్న నొప్పితో నడుం పట్టుకొని బండి పక్కన నడుస్తున్నాడు.

"ఆగు," అంది ఈరవ్వ. "చెప్పులు ఇడువు. తిరగెయ్యి."

"నీకేమన్న పిచ్చానే?"

"తిరగెయ్యి అంటున్న గద!"

చూసింది. రెండూ రెండు రకాలుగా అరిగి ఉన్నాయి. కొంగులో ముడి విప్పి కొబ్బరికాయ బండిలో పెట్టింది, తనూ ఎక్కి కూర్చుంది, బండిని బోధన్‌కు, రుక్మాబాయి దగ్గరికి మళ్లించింది. కొబ్బరికాయ ఇప్పటికీ భోజన్న బండిలో, ఎడ్ల గడ్డి కిందనే ఉంది.