వేళ్లకు తెలిసిన ఎరుపు

మా చిన్నాయన ఏ దారమైనా ముందు బొటనవేలితో రుద్ది, వాసన చూసేవాడు. ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఏ రంగద్దితే పట్టు ఎంత గరుకవుతుందో ఆయన వేళ్లకు తెలుసు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటేనని మేమెవరమూ ఎరగం.

పెనుకొండ స్టేషన్లో ఆరేళ్లు రైళ్లకు లాంతరు చూపించాడు. దాని మూత ఎటు తిప్పితే ఎర్ర అద్దం ముందుకొస్తుందో చేతికి గుర్తు. ఒక్క పొరపాటూ జరగలేదు. యుద్ధమొచ్చిన ఏడు రైల్వే డాక్టరు కళ్ల పరీక్షకని బల్లమీద రంగురంగుల ఉన్నిదారాలు పరిచి, ఎర్రవి ఏరమన్నాడు. చిన్నాయన అలవాటుగా రుద్ది, వాసన చూశాడు.

"కళ్లతో చూసి చెప్పవయ్యా!"

"పట్టయితే ఇట్టే చెప్తా సామీ. ఇది ఉన్ని గదా!"

"పని బాగానే చేస్తున్నావు. రూలు ప్రకారం మాత్రం నీది చూపులోపమే" అంటూ డాక్టరు పనికిరాడని రాసేశాడు.

చిన్నాయన మళ్లీ మగ్గమెక్కాడు. నా పెళ్లికి తానే నేసిన ఎర్రచీర చేతిలో పెట్టి, మెల్లగా అడిగాడు:

"ఎరుపంటే ఎట్లుంటాది పాపా?"